వెనక స్వే బార్‌ని మందం చూసి కొనకండి

స్వే బార్ అంటే ఎడమ, కుడి చక్రాలను కలుపుతూ, మలుపులో బాడీ ఒరగడాన్ని తగ్గించే ఉక్కు కడ్డీ. పాత కారు సరదా ఉన్నవాళ్లు తరచూ అడిగేది ఒకటే: "వెనక స్వే బార్ ఎన్ని ఎం.ఎం. వెయ్యాలి?" వెనక యాక్సిల్ ఏ రకమో, ముందు బార్ ఎంతుందో కనుక్కోకుండా ఠక్కున ఓ నంబర్ చెప్పేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బండి నడిపే మనిషి ప్రాణం ఉంది ఆ నంబర్‌లో!

బార్ గట్టిదనం మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 16 ఎం.ఎం. తీసి 19 వేస్తే పెరిగింది మూడే మిల్లీమీటర్లు, గట్టిదనం మాత్రం దాదాపు రెట్టింపు. 22 వేస్తే మూడున్నర రెట్లు. బార్ చేతులు (రెండు కొసల్లో వంగిన భాగాలు) పొట్టివైతే ఇంకా గట్టిపడుతుంది. బోలు బార్ లెక్క మళ్లీ వేరు: 22 ఎం.ఎం. గొట్టానికి గోడ మందం 3 ఎం.ఎం. ఉంటే, బరువు సగానికి తగ్గినా గట్టిదనంలో 70 శాతం పైనే మిగులుతుంది. ఇక పెట్టె మీద రాసిన మందం చూసి ఏం తేల్చుకుంటాం?

మలుపులో బాడీ ఒరగడం తగ్గుతుందని అందరూ మురిసిపోతారు. దానికి మూల్యం వెనక టైర్లు చెల్లిస్తాయి. బరువు బయటి టైరు మీదకి మరింతగా మళ్లి, లోపలిది తేలిపోయి, వెనక పట్టు మొత్తంగా తగ్గుతుంది. స్టీరింగ్ తిప్పినా ముందు భాగం తిన్నగా పోతున్న కారుకి అది కొంత మేలే. అతి చేస్తే, తడి రోడ్డు మీద మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదలగానే వెనక భాగం జారి పక్కకొచ్చేస్తుంది. ఆదుకోవడానికి పాత కార్లలో ఎలక్ట్రానిక్ సాయమేమీ లేదు.

చాలా పాత కార్లకు కంపెనీ ముందు బార్ మాత్రమే ఇచ్చిందంటే అది పిసినారితనం కాదు, వెనక పట్టు తగ్గకూడదనే. షెవర్లే కార్వెయిర్‌కి 1964లో స్టాండర్డ్‌గా వచ్చింది ముందు బారే. 1967 బీటిల్‌కి వెనక ఒక జెడ్ ఆకారపు బార్ పెట్టారు గానీ, అది ఒరగడాన్ని ఆపేది కాదు, రెండు చక్రాలూ ఒకేసారి ఒకే వైపు కదిలినప్పుడు పనిచేసేది. ఈ రెండూ స్వింగ్ యాక్సిల్ బళ్లు, అంటే వెనక చక్రం పైకీ కిందికీ కదిలితే దాని వాలు కూడా బాగా మారిపోయేవి. అలాంటి బండికి వెనక మామూలు స్వే బార్ బిగించమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి.

నా మాట ఇది. ముందు మంచి టైర్లు, కొత్త బుష్‌లు, పనిచేసే షాకబ్జర్లు. తర్వాత ముందు బార్. వెనకది అన్నిటికన్నా చివర, అదీ ఇంకా అవసరమనిపిస్తేనే. కొంటే సన్నది, చేతుల్లో రెండు మూడు రంధ్రాలున్నది కొనండి. చేతి కొసన ఉన్న చివరి రంధ్రంలో లింకు (బార్ చేతిని పట్టుకునే చిన్న కడ్డీ) పెట్టి మొదలెట్టండి, అదే అన్నిటికన్నా మెత్తన. బ్రాకెట్ బిగించే చోట రేకు తుప్పు పట్టి ఉంటే ముందు దాన్ని బాగుచేయించండి, లేకపోతే బార్ ఆ రేకునే చీల్చుకుని వస్తుంది. సైలెన్సర్ పైపుకీ, హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌కీ తగలకుండా యాక్సిల్ పైకీ కిందికీ ఆడించి చూడండి.

లింకులు బిగించేటప్పుడు కారు నాలుగు చక్రాల మీద సమంగా నిలబడి ఉండాలి, డ్రైవర్ సీట్లో మనిషి బరువుండాలి. బోల్టు చేత్తో తోస్తే దూరాలి. లాగి, వంచి దూర్చాల్సొస్తే లింకు పొడవు సరిచేయండి. అలా వదిలేస్తే కారు ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో ఇంకోలా తిరుగుతుంది.