అన్నీ బయటి మ్యాచ్‌లే: బెజవాడ ఫుట్‌బాల్ అభిమాని టైంటేబుల్

లీగ్‌లో ప్రతి జట్టుకూ సగం మ్యాచ్‌లు సొంత మైదానంలో, సగం బయట. విజయవాడ, గుంటూరు అభిమానికి మాత్రం ఆ లెక్క వర్తించదు. ఇక్కడ ఉంటూ ఏ జట్టును ఇష్టపడినా మ్యాచ్ చూడాలంటే రైలో బస్సో ఎక్కాల్సిందే. అందుకే ఇక్కడి పాత అభిమానులకు గోల్స్ ఎంత గుర్తుంటాయో ప్లాట్‌ఫారాలూ అంతే గుర్తుంటాయి. ఆ జ్ఞాపకాల మాట వచ్చినప్పుడల్లా వెనకే ఓ నిట్టూర్పు: ‘ఇప్పటి కుర్రాళ్లకు ఆ పిచ్చి ఎక్కడిది, అంతా ఫోన్లోనే చూస్తారు’ అని. ఈ నిందలో న్యాయం లేదు. పిచ్చి అలాగే ఉంది. చెడింది మ్యాచ్ వేళకూ రైలు వేళకూ మధ్య ఉన్న పొత్తు.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన రహీం సాబ్ శిక్షణలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. అప్పట్లో మ్యాచ్ అంటే లాల్‌బహదూర్ స్టేడియం. దానికి పాత పేరు ఫతే మైదాన్. నాంపల్లి స్టేషన్‌లో దిగినవాడు నడిచి వెళ్లిపోగల దూరం. ఫ్లడ్‌లైట్లు మామూలు కాని రోజుల్లో ఆట పొద్దుండగానే ముగియాలి. చీకటి పడేసరికి జనం బయట ఉండేవారు, టీ తాగి, భోజనం చేసి, తీరిగ్గా రాత్రి బండి అందుకోవచ్చు. జనరల్ టికెట్‌కు ముందస్తు ప్లానేమీ అక్కర్లేదు. ఆనాటి అభిమానం ఎంత గట్టిదో చెప్పేటప్పుడు ఈ మూడు వసతులనూ ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

2002 జాతీయ క్రీడల నాటికి గచ్చిబౌలి మైదానం వచ్చింది. సికింద్రాబాద్ స్టేషన్‌కు అది 20 కిలోమీటర్ల పైమాటే. ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) వచ్చాక కిక్-ఆఫ్, అంటే ఆట మొదలయ్యే వేళ, ఎక్కువగా రాత్రి 7.30కి, టీవీ కోసం. లెక్క వేయండి. రెండు 45 నిమిషాలు, మధ్యలో 15, ఆగిన సమయం కలిపితే ఆఖరి విజిల్ 9.25 ప్రాంతంలో. గేటు దాటడానికి 20 నిమిషాలు. రాయదుర్గం మెట్రోకు ఆటో దొరికి చేరేసరికి మరో 25. అక్కడి నుంచి సికింద్రాబాద్ ఈస్ట్‌కు ముప్పావుగంటకు తక్కువ కాదు. స్టేషన్ చేరేసరికి 11 దాటుతుంది. ఆలోపే కదిలిపోయే బండికి టికెట్ కొన్నవాడు రెండో సగం అంతా గడియారమే చూస్తాడు. నాకౌట్ మ్యాచ్ అయితే మరీ కష్టం: అదనపు సమయం 30 నిమిషాలు, పైన పెనాల్టీలు. గోల్ పడకూడదని మొక్కుకోవాలో, ఎవరిదో ఒకరిది పడాలని మొక్కుకోవాలో తెలియని స్థితి.

హైదరాబాద్ జట్టు గచ్చిబౌలిలో ఆడినన్నాళ్లూ అనుభవజ్ఞులు చేసింది తిరుగు ప్రయాణానికి రైలు మానేయడమే. బీహెచ్‌ఈఎల్, మియాపూర్ వైపు నుంచి ఔటర్ మీదుగా విజయవాడ వచ్చే రాత్రి బస్సు పట్టుకుంటే నగరం మధ్యకు వెళ్లే పని ఉండదు. రోడ్డు దారి సుమారు 275 కిలోమీటర్లు, తెల్లారేసరికి బెంజి సర్కిల్. బుక్ చేసేటప్పుడు బస్సు బయల్దేరే వేళను కాకుండా గచ్చిబౌలి ఎక్కే పాయింట్ వేళను చూడాలి. పొరపాటు ఎక్కువగా జరిగేది అక్కడే.

చిత్రమేమిటంటే, పొరుగూరి హైదరాబాద్ కంటే చెన్నై మ్యాచే సులువు. పెరియమేడులోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం సెంట్రల్ స్టేషన్‌కు నడక దూరం. పొద్దున్నే విజయవాడలో పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై. తిరిగొచ్చేటప్పుడు తమిళనాడు ఎక్స్‌ప్రెస్ రాత్రి పదింటి ప్రాంతంలో కదులుతుంది, తెల్లవారుజామున నాలుగింటి వేళకు విజయవాడ. ఆఖరి విజిల్‌కూ రైలుకూ మధ్య అరగంట చిల్లర. సెంట్రల్ వైపు గేటుకు దగ్గరి స్టాండ్‌లో టికెట్ తీసుకుంటే చాలు. ఇబ్బందల్లా అది దిల్లీ బండి కావడమే. బెర్తులు చాలా ముందే నిండిపోతాయి.

అసలు పీటముడి ఇక్కడే ఉంది. రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజులుండేది. 2024 నవంబర్ 1 నుంచి 60 రోజులైంది. ఈ కోత మీద అభిమానులు మొదట్లో మండిపడ్డారు కానీ, వాళ్లకు 120 రోజులూ పెద్దగా ఉపయోగపడింది లేదు. ఫిక్స్చర్లు అంత ముందు వస్తేగా? వచ్చినా తేదీలు మారతాయి. 2025 సెప్టెంబర్‌లో మొదలు కావాల్సిన ఐఎస్‌ఎల్ సీజన్ వాణిజ్య హక్కుల వ్యవహారం తేలక ఆ ఏడాది మొదలే కాలేదు. తేదీ మారితే టికెట్ రద్దు చేయాలి, ప్రయాణం దగ్గరపడే కొద్దీ కోత పెరుగుతుంది. మిగిలేది తత్కాల్: ముందు రోజు ఏసీకి ఉదయం 10కి, స్లీపర్‌కు 11కి. ఇంగ్లండ్‌లో బయటి మ్యాచ్‌లకు వెళ్లే అభిమానులు కూడా టీవీ కోసం తేదీలు మార్చినప్పుడల్లా ఇదే గొడవ చేస్తారు. అంటే ఇది మన వెనుకబాటు సమస్యేమీ కాదు. వేళలు పెట్టేవాళ్లు గ్యాలరీలో కూర్చునేవాడిని తలుచుకోకపోవడం అన్నిచోట్లా ఉన్నదే.

దూర ప్రయాణాల్లో గుంటూరుదే పైచేయి. కేరళ వెళ్లే శబరి గుంటూరు మీదుగానే పోతుంది, ఎర్నాకుళం టౌన్‌లో దిగితే కొచ్చిలోని కలూర్ మైదానం దగ్గరే. స్టేడియం పేరుతో మెట్రో స్టేషనే ఉంది. కోల్‌కతాకు ఫలక్‌నుమా కూడా గుంటూరులో ఆగుతుంది. సాల్ట్‌లేక్ స్టేడియానికి ఒకప్పుడు హౌరా నుంచి బస్సులో ఊరంతా తిరిగి వెళ్లాల్సి వచ్చేది, 2025 ఆగస్టు నుంచి నేరుగా మెట్రో. 1997 జులై 13న ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు 1,31,000 మందికి పైగా వచ్చిన మైదానం అది. మోహన్ బగాన్‌ను ఈస్ట్ బెంగాల్ 4-1తో ఓడించింది, భూటియా హ్యాట్రిక్. తెలుగు నేల నుంచి కోల్‌కతాకు ఆటగాళ్లూ వెళ్లారు. మన హైదరాబాదీ హబీబ్ మోహన్ బగాన్ తరఫున 1977లో పీలే ఉన్న న్యూయార్క్ జట్టు కాస్మోస్ మీద ఈడెన్ గార్డెన్స్‌లో గోల్ కొట్టాడు.

ఏ ఊరైనా చిక్కు తెచ్చేది సంచే. స్టేడియం గేటు దగ్గర బ్యాగు, నీళ్ల సీసా, పవర్‌బ్యాంకు ఆపేస్తారు. స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టాలంటే సంచికి తాళం ఉండాలి, ప్రయాణ టికెట్ చూపాలి. తాళం లేని వీపు సంచితో వెళ్లి కౌంటర్ దగ్గర బతిమాలేవాళ్లు ప్రతిసారీ కనిపిస్తారు. పవర్‌బ్యాంకు క్లోక్‌రూమ్‌లో, మ్యాచ్ టికెట్ ఫోన్లో, ఫోన్లో ఛార్జింగ్ నిల్. కాగితం టికెట్ రోజుల్లో ఈ బాధ లేదు. తిండికి పులిహోర మేలు, రాత్రి దాకా నిలుస్తుంది. పెరుగన్నమే కావాలంటే కాచిన పాలలో అన్నం కలిపి చెంచాడు పెరుగు తోడు వేసుకెళ్లాలి, మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది.

పాత రోజులను తలుచుకునేవాళ్లు ఇంకోటి కూడా మరిచిపోతారు. జనరల్ బోగీలో తలుపు దగ్గర నిలబడి చేసిన ఆ ప్రయాణాలన్నీ మగవాళ్లవి. ఆడపిల్ల మ్యాచ్ చూసి నాలుగింటికి విజయవాడలో దిగి ఇల్లు చేరాలంటే ఖరారైన బెర్తు కావాలి, బయట నమ్మకమైన బండి కావాలి. వాళ్లకు ఆ స్వర్ణయుగం ఎప్పుడూ లేదు. 5 గంటల కిక్-ఆఫ్ అడగడానికి ఇంతకంటే గట్టి కారణం లేదు.

రాష్ట్రం విడిపోయాక గచ్చిబౌలి లెక్క ప్రకారం పొరుగు రాష్ట్రమైనా, హైదరాబాద్ జట్టు మాత్రం మనదే అనుకున్నారు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో పెనాల్టీల్లో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి హైదరాబాద్ ఐఎస్‌ఎల్ గెలిచింది. 2025లో ఆ ఫ్రాంచైజీ దిల్లీకి తరలిపోయింది. అంతకుముందు 2020లో శ్రీనిధి క్లబ్ విశాఖ పేరుతో ఐ-లీగ్ అనే మరో జాతీయ లీగ్‌లో చోటు సంపాదించి, చివరికి హైదరాబాద్‌లోనే ఆడింది. తరలిపోయిన హైదరాబాద్ జట్టు పసుపు, నలుపు జెర్సీలు ఇంకా బీరువాల్లో ఉన్నాయి. కలూర్‌కు వేసుకెళ్తే దూరం నుంచి కేరళ పసుపులో కలిసిపోతాయి. దగ్గరికొచ్చాకే గుర్తుపట్టి, ఏ ఊరని అడుగుతారు.