సవరణ: పైప్సా అప్‌డేట్ అందరికీ ఒకేలా కాదు

విద్యుత్ వ్యవస్థల మోడలింగ్‌కు వాడే పైథాన్ ప్యాకేజీ పైప్సాను (PyPSA) కొత్త వెర్షన్‌కి మార్చడానికి, పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పిప్ (pip) అప్‌గ్రేడ్ కమాండ్ ఒక్కటి కొడితే చాలని ముందు పోస్టులో ఉంది. అది పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లకే వర్తిస్తుంది. కోండా అనే మరో ఇన్‌స్టాలర్‌తో, దాని ప్యాకేజీలు దొరికే కోండా-ఫోర్జ్ నుంచి తెచ్చుకున్నవాళ్లు కోండాతోనే అప్‌డేట్ చేయండి. రెండూ కలిపేస్తే పైప్సాకు అవసరమైన పాండాస్, నమ్‌పై లైబ్రరీల వెర్షన్లు ఒకదానికొకటి పొసగక ఇంపోర్ట్ దగ్గరే ఎర్రర్ రావచ్చు.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. పాత కోడ్‌లో మోడల్‌ను తక్కువ ఖర్చుకు సాల్వ్ చేయడానికి వాడిన ఎల్ఓపీఎఫ్ (lopf) ఫంక్షన్ కొత్త వెర్షన్లలో లేదు. దాని స్థానంలో ఆప్టిమైజ్ (optimize) వచ్చింది, వెనక లినోపై (linopy) అనే ఆప్టిమైజేషన్ లైబ్రరీ పనిచేస్తుంది. మామూలు మోడల్ అయితే పేరు మారిస్తే చాలావరకు నడుస్తుంది. సొంతంగా అదనపు కన్‌స్ట్రెయింట్లు, అంటే ఫలానా రాష్ట్రంలో సోలార్ ఇంతకు మించకూడదు లాంటివి, రాసుకున్నవాళ్లు మాత్రం ఆ భాగాన్ని లినోపై పద్ధతిలో తిరగరాయక తప్పదు.

మోడల్ లెక్క తేల్చే సాఫ్ట్‌వేర్‌ను సాల్వర్ అంటారు; అలాంటి కమర్షియల్ సాల్వర్ గురోబీ లైసెన్స్ లేదని టెన్షన్ పడకండి. ఓపెన్ సోర్స్ సాల్వర్ హైస్ (HiGHS) ఉచితమే, చదువుకునే స్థాయి మోడళ్లకు బాగా సరిపోతుంది.

థీసిస్ మధ్యలో ఉన్నవాళ్లకు నా మాట ఒక్కటే: నడుస్తున్న ఎన్విరాన్‌మెంట్‌ను, అంటే ఇప్పుడున్న పైథాన్, ప్యాకేజీల సెటప్‌ను, కదిలించకండి. పక్కన కొత్తది పెట్టుకుని, అదే నెట్‌వర్క్‌ను (మీ పైప్సా మోడల్‌ను) రెండింట్లో నడిపి, మొత్తం ఖర్చు ఒకేలా వచ్చాకే మారండి.