పుల్ల గుచ్చి చూస్తేనే తెలిసే గుణం

మొక్కజొన్నలో కాండం కుళ్లును తట్టుకునే జన్యువు ఒక్కటి దొరికితే సమస్య తీరినట్టేనని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రాశారు. ఆ వ్యాసకర్త అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. పూత తర్వాత వచ్చే ఈ కుళ్లు ఒకే శిలీంధ్రం పని కాదు. ఫ్యుజేరియం, మాక్రోఫోమినా వంటి శిలీంధ్రాలు తరచూ కలిసి ఆశిస్తాయి, నిరోధక శక్తి కూడా ఎక్కువగా చిన్న చిన్న ప్రభావం గల అనేక జన్యువుల మీద ఆధారపడి ఉంటుంది. అందుకే శాస్త్రవేత్తలు శిలీంధ్రాన్ని పెంచిన పళ్లపుల్లను పూత దశ దాటాక కింది కణుపుల మధ్య గుచ్చి, పంట ముదిరాక కాండాన్ని నిలువునా చీల్చి, కుళ్లు ఎన్ని కణుపులు పాకిందో చూసి 1 నుంచి 9 వరకు మార్కులు వేస్తారు (మార్కు పెరిగేకొద్దీ కుళ్లు ఎక్కువని అర్థం).

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా, సెలవులకు కరీంనగర్ వైపు మా పొలానికి వెళ్లినప్పుడు పడిపోయిన కర్రనొకదాన్ని చీల్చి చూశాను: లోపలి బెండు కరిగిపోయింది, మిగిలిన నారల మీద బొగ్గుపొడి చల్లినట్టు సన్నని నల్లటి చుక్కలున్నాయి. పూత సమయంలో తడి అందించలేకపోయాం (అది మా తప్పే), పైగా ఎండలు ముదిరాయి. మాక్రోఫోమినా తెచ్చే ఈ మసికుళ్లుకు కావలసింది సరిగ్గా ఆ రెండే. కాబట్టి నీళ్లు పుష్కలంగా పారిన మడిలో పచ్చగా నిలిచిన సంకర రకాన్ని నిరోధక రకమనడం తొందరపాటు. ఈసారి బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణం జీకేవీకేలో జరిగే కృషి మేళాకు వెళ్లినప్పుడు నేను దిగుబడి కంటే ముందు ఆ మార్కే అడుగుతాను.