మొహమ్మీద తిట్టినోడే నిజాయితీపరుడా? మా మావయ్య ఫార్వార్డుకి నా జవాబు

ఎలక్షన్లు ఉన్నా లేకపోయినా ఆర్నెల్లకోసారి తిరిగొచ్చే ఫార్వార్డు ఒకటుంది, ఈసారి మా ఫ్యామిలీ గ్రూపులో చిన్న మావయ్య పెట్టాడు, పొద్దున్నే ఆరింటికి, గుడ్ మార్నింగ్ మందారప్పువ్వు కిందే. మీకూ వచ్చే ఉంటది. అందులో ఉన్నది ఇంతే: డిబేట్లో ఎదుటి క్యాండిడేట్‌తో చేతులు కలిపేవాడు, వాడిని మెచ్చుకునేవాడు పచ్చి నాటకాలరాయుడు. మొహమ్మీదే తిట్టేవాడు మనసులో ఉన్నది చెప్తాడు కాబట్టి వాడే నిజాయితీపరుడు. మర్యాదస్తుడు గెలిచిన చరిత్ర లేదు, కావాలంటే 2008లో అమెరికా ప్రెసిడెంట్ ఎన్నికల్లో ఒబామా మీద నిలబడ్డ మెకెయిన్‌ని చూడండి, డిబేట్లో ఒబామాని మంచోడన్నాడు, మునిగిపోయాడు. అయినా ఈ షేక్‌హ్యాండ్లు తెల్లోళ్ళ అలవాటు, మనకి అచ్చిరావు. నిజమనిపిస్తే పదిమందికి పంపండి. మావయ్య పంపాడు, ఆ పదిమందిలో నలుగురు తిప్పి నాకే పంపారు.

గ్రూపులో జవాబిస్తే ఆదివారం భోజనాల దగ్గర మొహం చూపించుకోలేను, ఆయన నన్ను ఎత్తుకు పెంచిన మనిషి. అందుకే ఇక్కడ రాస్తున్నా, ఎవరైనా ఆయనకి పంపితే పంపండి, నా పేరు తీసేసి.

ముందు నాటకం సంగతి. చేతులు కలపడంలో కొంత నాటకం ఉంటది, లేదని నేనూ అనను. కానీ మావయ్యా, ఒడిశాలో ఉన్న మన బరంపురంలో దాయాదులు పొలం గట్టు కోసం ఇరవయ్యేళ్ళు కోర్టు చుట్టూ తిరుగుతూనే ఇంట్లో పెళ్ళైతే బొట్టు పెట్టి పిలుచుకుంటారు, వాళ్ళొచ్చి అక్షింతలు వేసి, కూర్చుని భోంచేసి, సోమవారం మళ్ళీ వాయిదాకి వెళ్తారు. ఆ పిలుపు నాటకమా? ప్రేమ పొంగిపొర్లి పిలిచింది కాదు, అలాగని అబద్ధమూ కాదు, రేపు మాట్లాడుకోవాల్సొస్తే తలుపొకటి తెరిచుండాలని పిలిచింది. డిబేట్లో షేక్‌హ్యాండ్ కూడా అలాంటి పిలుపే. దాంట్లోంచి ప్రేమ పిండాలని చూస్తే దొరకదు.

మెచ్చుకోలు వేరే, దాన్ని మాత్రం తూకం వెయ్యొచ్చు. 2016 అక్టోబర్‌లో సెయింట్ లూయిస్‌లో హిల్లరీ క్లింటన్, ట్రంప్ రెండో డిబేట్. మొదట్లో చేతులు కూడా కలపలేదు, తొంభై నిమిషాలు కొట్టుకున్నంత పని చేశారు, ఆఖర్న జనంలోంచి ఒకాయన లేచి ఎదుటి మనిషిలో మీరు గౌరవించేది ఒక్కటి చెప్పండి అన్నాడు. క్లింటన్ ట్రంప్ పిల్లల్ని గౌరవిస్తానంది. ట్రంప్ ఈవిడ వదిలిపెట్టే రకం కాదు, పోరాడే మనిషి అన్నాడు. తర్వాత చేతులు కలిపారు. ఇద్దరిలో ట్రంప్ జవాబే నాకు నచ్చింది, ఆయనంటే నాకు పడకపోయినా సరే, ఎందుకంటే అది ఎదురుగా ఉన్న మనిషి గురించి చెప్పిన మాట. మీ పిల్లలు బంగారమండీ అంటే మన వీధిలో దానికి అర్థం ఏటో అందరికీ తెలుసు కదా.

ఇక తిట్టేవాడి నిజాయితీ. ఈ ఫార్వార్డు రాసినోడు ఒక్కసారి కూడా డిబేట్ల వెనక ఏం జరుగుతుందో చూసినట్టు లేడు. అమెరికా డిబేట్లకి ముందు రిహార్సల్స్ ఉంటాయి, నిజంగా రిహార్సల్సే, పోడియం పెట్టి, లైట్లు పెట్టి, ఎదుటి క్యాండిడేట్ వేషం ఒకరు కట్టి. 2012లో ఒబామా ప్రాక్టీస్ చేస్తుంటే ఆయన ప్రత్యర్థి రోమ్నీ పాత్ర వేసింది సెనేటర్ జాన్ కెర్రీ, అటుపక్క రోమ్నీ ప్రాక్టీసుకి ఒబామా పాత్ర సెనేటర్ రాబ్ పోర్ట్‌మన్ వేశాడు. ఎక్కడ గుచ్చాలి, అవతలోడు ఏమంటే ఏమనాలి అన్నీ అక్కడే నూరుకుంటారు. అంటే స్టేజీ మీద మనకి కడుపు మంటలా కనపడే చురక చాలాసార్లు ముందే వండి మూతపెట్టిన కూర. నాటకం అనేది తప్పయితే తిట్టుకి కూడా అదే తప్పు అంటగట్టాలి కదా, షేక్‌హ్యాండ్‌కి ఒక్కదానికే ఎందుకు?

పైగా తిట్టు మనసులోంచే వచ్చుంటే కొన్నాళ్ళైనా నిలబడాలి. 1980లో రిపబ్లికన్ టికెట్ కోసం పోటీపడుతూ సీనియర్ బుష్ రీగన్ ఆర్థిక విధానాన్ని చేతబడి ఎకనామిక్స్ అనే అర్థం వచ్చేలా ఎక్కిరించాడు, అదే సంవత్సరం ఆయన పక్కన వైస్ ప్రెసిడెంట్ క్యాండిడేట్‌గా నిలబడ్డాడు. 2019 జూన్‌లో మయామీ డిబేట్లో కమలా హారిస్ బైడెన్‌ని నల్ల, తెల్ల పిల్లల్ని ఒకే బళ్ళో కలపడానికి నడిపిన స్కూలు బస్సుల విషయంలో ఎంత గట్టిగా నిలదీసిందో, ఆ క్లిప్పు అప్పట్లో తిరగని ఫోన్ లేదు, 2020లో ఆయన టికెట్ మీదే వైస్ ప్రెసిడెంట్ అయింది. వాన్స్ అయితే 2016లో ట్రంప్‌ని అనని మాట లేదు, 2024కి ఆయన పక్కనే వైస్ ప్రెసిడెంట్ క్యాండిడేట్. వీళ్ళని తప్పుపట్టడానికి కాదు, రాజకీయంలో ఇవన్నీ మామూలే. తిట్టులో నిజం ఎక్కువ ఉంటుందన్న లెక్కే ఎక్కడా కుదరట్లేదు అంటున్నా.

మెకెయిన్ దగ్గరకొద్దాం, ఫార్వార్డుకి గుండెకాయ అదే, పూర్తిగా తప్పు రాసిందీ దాన్నే. ఆయన ఒబామాని వెనకేసుకొచ్చింది డిబేట్లో కానే కాదు. 2008 అక్టోబర్ 10న మిన్నెసోటాలో లేక్‌విల్ అనే ఊళ్ళో, తన సొంత మీటింగులో, తనకి ఓటేసే జనం మధ్య. ఒకాయన లేచి ఒబామా వస్తే భయంగా ఉందన్నాడు, మెకెయిన్ ఆయన మర్యాదస్తుడే, ప్రెసిడెంటైనా భయపడక్కర్లేదు అన్నాడు, అంతే, సొంతోళ్ళే బూ అని అరిచారు. తర్వాత ఒకావిడ ఒబామాని నమ్మలేను, అతను అరబ్బు అంది, మెకెయిన్ తలడ్డంగా ఊపి మైకు చేతిలోంచి తీసుకుని, కాదమ్మా, కుటుంబం ఉన్న పద్ధతైన మనిషి, ఈ దేశ పౌరుడు, కొన్ని ముఖ్యమైన విషయాల్లో నాకూ ఆయనకీ పడదు అంతే అన్నాడు. (అరబ్బైతే పద్ధతైన మనిషి కాకూడదా అని తర్వాత చాలామంది అడిగారు, అదీ న్యాయమైన ప్రశ్నే, ఆ జవాబు అంత మచ్చలేనిది కాదు.) కానీ మావయ్యా, నాటకమాడేవాడు చప్పట్ల కోసం ఆడతాడు, ఛీకొట్టించుకోడానికి ఎవడాడతాడు చెప్పు?

డిబేట్లో ఏం జరిగిందో ఈ ఫార్వార్డులో రాయలేదు, రాస్తే కథ తిరగబడిపోద్ది. ఆ మీటింగుకి మూడు రోజుల ముందు, అక్టోబర్ 7న, నాష్‌విల్ డిబేట్లో మెకెయిన్ పక్కనే ఉన్న ఒబామాని పేరు కూడా పెట్టకుండా వేలు చూపించి "అదిగో ఆయన" అన్నట్టు మాట్లాడాడు, అది చాలామందికి చిన్నచూపులా వినపడింది. ఒబామా ఆ మాట పట్టుకుని పోట్లాటకి దిగలేదు. మరి తిట్టేవాడు గెలుస్తాడనే సూత్రం ప్రకారం ఆ రాత్రి ఎవరికి కలిసిరావాలి? నిజానికి అటూ కాదు ఇటూ కాదు. సెప్టెంబర్ 15న లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసింది, ఎనిమిదేళ్ళ చిన్న బుష్ పాలన మీద జనం విసిగిపోయి ఉన్నారు, మెకెయిన్‌దీ బుష్ పార్టీయే, ఆ పార్టీ తరఫున ఎవరు నిలబడినా ఎదురీతే. దాన్నంతా వదిలేసి మంచోడన్నాడు కాబట్టి ఓడిపోయాడు అనడం, పిల్లి ఎదురొచ్చింది కాబట్టి బస్సు చెడిపోయింది అన్నట్టుంది.

అదే మెకెయిన్ 2018లో చనిపోయే ముందు తన అంత్యక్రియల్లో మాట్లాడమని అడిగినవాళ్ళలో ఇద్దరు ఎవరో తెలుసా, 2000లో పార్టీ టికెట్ పోటీలో తనని ఓడించిన చిన్న బుష్, 2008లో ఓడించిన ఒబామా. ఇద్దరూ వచ్చి మాట్లాడారు. పదేళ్ళ తర్వాత, చావు ఖాయమని తెలిసినప్పుడు కూడా ఆడే నాటకం ఏదైనా ఉంటే నాకూ చూపించండి.

మర్యాద గెలిపిస్తుందా అంటే అదీ లేదు. 2012 డెన్వర్ డిబేట్ రోజు ఒబామా దంపతుల ఇరవయ్యో పెళ్ళిరోజు, రోమ్నీ శుభాకాంక్షలు చెప్తూ ఇంత రొమాంటిక్ చోటు ఇంకెక్కడ దొరుకుద్ది, నాతో పాటు ఇక్కడ, అని నవ్వించాడు, ఆ రాత్రి డిబేట్ ఆయనదే అని దాదాపు అందరూ ఒప్పుకున్నారు, నవంబర్‌లో ఓడిపోయాడు. 2024 అక్టోబర్ 1న వాన్స్‌కీ, అవతలి పార్టీ వైస్ ప్రెసిడెంట్ క్యాండిడేట్ వాల్జ్‌కీ జరిగిన డిబేట్లో వాల్జ్ తన పదిహేడేళ్ళ కొడుకు కాల్పులు కళ్ళారా చూశాడని చెప్తే వాన్స్ ముందు అయ్యో, అందుకు బాధగా ఉంది అన్నాడు, ఆ తర్వాతే తుపాకుల చట్టం మీద తన వాదన కొనసాగించాడు, ఒక్క మెట్టు కూడా దిగలేదు. ఇద్దరూ మర్యాదగానే ఉన్నారు, ఒకరు గెలిచారు, ఒకరు ఓడారు. ఓట్ల లెక్కకి దీన్ని ముడిపెట్టడమే తప్పు.

ఆఖరిది, తెల్లోళ్ళ అలవాటు అంట. ఇది చదివినప్పుడు నాకు నిజంగా కోపమొచ్చింది, ఎందుకంటే రాసింది తెలుగులో, పంపింది బరంపురంలో. 1991లో పీవీ ప్రధాని అయ్యాక ఎంపీ కాదు కాబట్టి నంద్యాల ఉప ఎన్నికకి నిలబడితే, రాజకీయ జీవితమంతా కాంగ్రెస్‌తో పోరాడిన ఎన్టీఆర్, తెలుగోడు మొదటిసారి ప్రధాని అయ్యాడు అని టీడీపీ క్యాండిడేట్‌నే పెట్టలేదు. పీవీ 5 లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిచాడు. అందులో ఎన్టీఆర్ లెక్కలు ఎన్టీఆర్‌కి ఉండొచ్చు, తెలుగు ఆత్మగౌరవం అనే జెండా ఆయనదే కదా, పోటీ పెడితే ఆ జెండాకే మచ్చ. ఉంటే ఉండనీ. లెక్క ఉన్నంత మాత్రాన మర్యాద దొంగదైపోదు. అదే పీవీ 1994లో జెనీవాలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్లో కశ్మీర్ మీద పాకిస్తాన్ తీర్మానం పెడుతుంటే మన బృందానికి నాయకుడిగా ప్రతిపక్ష నేత వాజపేయిని పంపాడు, తీర్మానం వెనక్కి పోయింది. ఆ పీవీయే 1996లో మన బరంపురం నుంచే లోక్‌సభకి గెలిచాడు మావయ్యా, మనకి అచ్చిరాదంటావేటి?

అంత వెనక్కి ఎందుకు, 2024 జూన్ సంగతి చూడు. మన ఒడిశాలో నవీన్ పట్నాయక్ ఇరవై నాలుగేళ్ళ తర్వాత ముఖ్యమంత్రి కుర్చీ దిగాడు, కొత్త ముఖ్యమంత్రి మాఝీ ప్రమాణ స్వీకారానికి వెళ్ళి కూర్చున్నాడు. ఆయన రెండుచోట్ల పోటీ చేశాడు, మన గంజాం జిల్లా హింజిలిలో గెలిచాడు, కాంటాబాంజిలో ఓడాడు. అసెంబ్లీలో ఆ కాంటాబాంజి ఎమ్మెల్యే లక్ష్మణ్ బాగ్ లేచి నమస్కారం పెడితే, ఓ, నన్ను ఓడించింది మీరేనా అన్నట్టు పలకరించాడు. ఆ వీడియో కూడా నాకు పంపింది మావయ్యే, అప్పుడు "పెద్దమనిషి తరహా" అని చెయ్యెత్తి దణ్ణం బొమ్మ పెట్టాడు, నా ఫోన్లో ఇంకా ఉంది.

అసలు మన దగ్గర క్యాండిడేట్ల డిబేట్లు ఎక్కడున్నాయి. 2024 మేలో ఇద్దరు మాజీ న్యాయమూర్తులు, ఒక సీనియర్ ఎడిటర్ కలిసి మోదీకి, రాహుల్‌కి బహిరంగ చర్చకి రమ్మని ఉత్తరం రాస్తే ఆ చర్చ జరగనే లేదు. టీవీల్లో జరిగేది డిబేట్ కాదు, ఆరు కిటికీల్లో ఆరుగురు అరవడం.

కానీ నేను ఒకటి చూశాను, చిన్నది. 2022 మున్సిపల్ ఎన్నికలప్పుడు మా వీధి కల్యాణ మండపంలో కుర్చీలు వేసి వార్డు క్యాండిడేట్లని పిలిచాం, ముగ్గురిలో ఇద్దరే వచ్చారు, ఒకరు పిండి మిల్లు నడిపే మన తెలుగాయన, ఒకరు ఒడియా ఆయన, ట్యూషన్లు చెప్తాడు. కాలవ పొంగి వీధిలోకి రావడమే మా గొడవంతా. వెనక కుర్చీల్లోంచి ఒక కుర్రాడు లేచి మిల్లాయన్ని చూపించి ఒడియాలో ఈ తెలెంగాకి (తెలుగోడికి) ఇక్కడేం పని, ఇచ్ఛాపురం పొమ్మనండి అన్నాడు. మండపం మొత్తం నిశ్శబ్దం, ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. మాట్లాడాల్సిన వంతు మిల్లాయనది, కానీ ట్యూషనాయన మైకు అడిగి తీసుకున్నాడు. సగం ఒడియా సగం తెలుగు కలిపి, 2013లో ఫైలిన్ తుఫానుకి కరెంటు పోయినప్పుడు ఈయన మిల్లు జనరేటర్ పెట్టి బోరు నడిపించాడు, వీధి మొత్తం నీళ్ళు పట్టుకుంది, నేనూ రోజూ రెండు బిందెలు పట్టుకెళ్ళాను, నువ్వప్పుడు చిన్నపిల్లాడివి, మీ అమ్మనడుగు అన్నాడు. కుర్రాడు కూర్చున్నాడు. అందరూ చప్పట్లు కొట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, ఆగండి, అయిపోలేదు, మన కాలవ పొంగడానికి కారణం కూడా ఈయనే, మిల్లు మెట్లు మూడడుగులు కాలవ మీదకి కట్టాడు, గెలిచినా ఓడినా నేనది కొట్టించమని అడుగుతాను అన్నాడు.

మిల్లాయన మొహం చూడాలి. ఏడుపా నవ్వా తెలీలేదు. లేచి ఒకటే మాటన్నాడు, బిందెల సంగతి నేనే మర్చిపోయాను మాస్టారూ, మెట్ల సంగతి మాత్రం మీరు గుర్తుపెట్టుకున్నారు.

ఫలితం అడుగుతారు, ఆ మీటింగుకి రాని మూడోవాడు గెలిచాడు. ట్యూషనాయన అన్నమాట ప్రకారం ప్రతి వానాకాలం ముందు మిల్లుకెళ్ళి అడుగుతాడు, ఇద్దరూ గుమ్మంలో నిలబడే పావుగంట గట్టిగా వాదించుకుంటారు, లోపల్నుంచి టీ వస్తది, తాగుతారు. మెట్లు ఇప్పటికి సగం కొట్టారు.