నెల లెక్క వేరు, ఆరు నెలల లెక్క వేరు
తాగుడుతో కాలేయం తీవ్రంగా వాచినవారికి వాపు తగ్గించే స్టెరాయిడ్‌తో పాటు ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే యాంటీఆక్సిడెంట్ (కణాలు దెబ్బతినకుండా కాపాడే మందు) ఎక్కిస్తే ప్రాణం దక్కుతుందని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో రాశారు. అది సగమే నిజం. 2011లో ప్రచురించిన ఫ్రాన్స్ వైద్యుల పరీక్షలో 174 మంది రోగులున్నారు. నెలలోపు మరణాలు స్టెరాయిడ్ ఒక్కటే వాడినవారిలో 24 శాతం, రెండూ వాడినవారిలో 8 శాతం. బాగానే ఉంది. కానీ వాళ్లు అసలు తేల్చదలచుకున్నది ఆరు నెలల సంగతి. అప్పటికి అవి 38, 27 శాతానికి చేరాయి. ఆ తేడా మందు వల్లేనని గట్టిగా చెప్పడానికి చాలలేదు. ఈ సంగతి రాయకపోతే ఎలా? మా బొబ్బిలి వైపు ఇలాంటి వార్త చదివి నేరుగా మందుల దుకాణానికి వెళ్లి లివర్ టానిక్కు కొనుక్కునేవారున్నారు. ఇది టానిక్కు కాదు, ఆసుపత్రిలో నరం ద్వారా ఎక్కించేది. పారాసెటమాల్ అతిగా మింగినవారికి ఎప్పటినుంచో ఇస్తున్న మందే. మా పెదనాన్నగారి అబ్బాయికి కళ్లు పచ్చబడితే ఇంట్లోవాళ్లు ముందు పసరు పోయించారు, పొట్టలో నీరు చేరాక గానీ విశాఖ తీసుకెళ్లలేదు. అక్కడి డాక్టరు మొదట అడిగింది ఆఖరిసారి ఎప్పుడు తాగావని. వ్యాసంలో మాత్రం మద్యం మానడం గురించి ఒకే ఒక్క వాక్యం, అదీ చివర్లో.