ఎర్ర తిలాపియాకి ఎవరూ రంగు ఎక్కించలేదు

వారం రోజులుగా చుట్టాల గ్రూపులో, చేపల రైతుల గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. ఎర్ర తిలాపియా ఫోటో, ఒంటి మీద నల్ల మచ్చలకి రౌండ్లు చుట్టి కింద నాలుగు మాటలు: ఈ చేప ప్రకృతిలో లేదు, ల్యాబ్‌లో పుట్టించారు. ఎరుపు ఇంజెక్షన్‌తో ఎక్కిస్తారు, నల్ల మచ్చలంటే రంగు దిగిపోయిన చోట్లు. ఇది జీఎం చేప, అంటే జన్యువులు మార్చింది. హార్మోన్లు పెట్టి పెంచుతారు. మా బాబాయ్ కూడా "చూశావా రా, ఇదా మీరు జనానికి తినిపించేది" అని పంపాడు. చేపపిల్లల్ని పుట్టించే హేచరీలో పనిచేసినవాణ్ణి, ఆ మాట నాకు గుచ్చుకుంది, అందుకే రాస్తున్నా.

ముందు ఆ మచ్చల సంగతి, ఎందుకంటే వాళ్ళ సాక్ష్యమంతా అదే. చేప రంగు చర్మంలో ఉండే రంగు కణాల వల్ల వస్తుంది, నలుపుకి వేరే కణాలు, ఎరుపు పసుపులకి వేరే కణాలు. ఎర్ర తిలాపియాలో నల్ల కణాలు సరిగ్గా ఏర్పడవు కాబట్టి ఎరుపు బయటపడుతుంది, అక్కడక్కడ మిగిలిపోయిన నల్ల కణాలే ఆ మచ్చలు. అయినా నల్ల చేపకి ఎర్ర రంగు ఎక్కిస్తే ఎరుపు ఎలా కనపడుతుంది, నల్ల చీరకి ఎరుపు అద్దకం వేస్తే కనపడుతుందా? మచ్చ ఉంటే మార్కెట్లో రేటు పడిపోతుంది, అందుకే బ్రూడర్లు, అంటే పిల్లల కోసం ఉంచే తల్లి తండ్రి చేపలు, ఏరేటప్పుడు మచ్చలున్నవి పక్కన పెట్టేస్తారు, తరాల తరబడి ఇదే పని.

ఆ ఎరుపు ఎక్కడిదంటే 1960ల చివర్లో తైవాన్‌లో మొజాంబిక్ తిలాపియాల మధ్య ఎర్రగా ఉన్న ఆడచేపలు కనపడ్డాయి, దానంతటదే వచ్చిన మార్పు, వాటిని మామూలు నైలు తిలాపియా మగచేపలతో కలిపి పిల్లల్లో ఎర్రవి ఏరుకుంటూ పోయారు. ఆ తైవాన్ రకంలో లెక్క చాలా శుభ్రంగా ఉంటుంది: ఎరుపు జన్యువు తల్లి తండ్రి ఇద్దరి నుంచీ వస్తే గులాబీ రంగు, ఒక్కరి నుంచే వస్తే ఎరుపు, అసలు రాకపోతే మామూలు నలుపు. ఎర్రదాన్ని ఎర్రదానితో కలిపితే నాలుగింట ఒకటి గులాబీ, రెండు ఎరుపు, ఒకటి నలుపు. హాపాలో, అంటే నీళ్ళలో కట్టే వల తొట్టిలో, ఎర్ర జతలే వేసినా నల్ల పిల్లలు తేలితే కొత్తగా చేరిన కుర్రాళ్ళు బయటి చేప దూరిందనుకుంటారు, నేనూ మొదట్లో అలాగే అనుకున్నా. అన్ని రకాల్లోనూ ఇదే లెక్క రాదు, కానీ సూదితో ఎక్కించిన రంగు మాత్రం పిల్లలకి రాదు, అది ఖాయం.

ఇంజెక్షన్ అనే మాట గాల్లోంచి పుట్టలేదు, అదీ చెప్పాలి. అక్వేరియం వ్యాపారంలో మన దేశపు గ్లాస్ ఫిష్‌కి సూదితో రంగు ఎక్కించి అమ్మిన దారుణం నిజంగానే జరిగింది, కొన్ని నెలల్లో ఆ రంగు వెలిసిపోయేది. కానీ చెరువులో వేలల్లో వేసే పిల్లలకి, గ్రాము నుంచి అరకేజీకి పెరిగే చేపకి, ఎవరు కూర్చుని పొడుస్తారు?

ల్యాబ్‌లో పుట్టిందనే మాటకి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఈజిప్టులో వేల ఏళ్ళ నాటి సమాధుల గోడల మీద తిలాపియా బొమ్మలున్నాయి. మొజాంబిక్ తిలాపియా మన దేశానికి 1952లోనే వచ్చింది.

జీఎం గొడవకి పేరే సగం కారణం అనిపిస్తుంది. గిఫ్ట్ అని ఇంకో రకం తిలాపియా ఉంది, ఆ పేరుకి అర్థం జన్యుపరంగా మెరుగుపరిచిన తిలాపియా, ఆ "జన్యు" చూసి జనం భయపడ్డారు. ఆ రకం పని 1988లో ఫిలిప్పీన్స్‌లో మొదలైంది, ఈజిప్టు, ఘనా, కెన్యా, సెనెగల్ నుంచి తెచ్చిన చేపల్ని అక్కడ పెంచుతున్న రకాలతో కలిపి, బాగా పెరిగిన కుటుంబాల్లోంచి తర్వాతి తరానికి తల్లిదండ్రుల్ని ఏరారు. విత్తనానికి మంచి కంకి పక్కన పెట్టుకునే రైతు చేసేది ఇదే. మన జయంతి రోహు అనే రకం కూడా ఇలా వచ్చిందే, భువనేశ్వర్ దగ్గర సీఫా అనే చేపల పరిశోధన సంస్థలో. నిజమైన జీఎం చేపకి ఉదాహరణ 2015లో అమెరికా తినడానికి ఒప్పుకున్న సాల్మన్, దాంట్లో వేరే జాతి చేప జన్యువు పెట్టారు. ఎర్ర తిలాపియాలో అలాంటిది పెట్టలేదు, రెండు తిలాపియాల్ని కలిపారు అంతే.

ఇక హార్మోన్, ఇందులో నిజం ఉంది, దాచను. తిలాపియా చెరువులో విపరీతంగా గుడ్లు పెట్టి పిల్లలతో నింపేస్తుంది, ఏదీ పెరగదు, అందుకని మగవే ఉండేలా చిన్న పిల్లలకి మొదటి మూడు నాలుగు వారాలు మేతలో మగ హార్మోన్ కలుపుతారు. అది పిల్ల దశలోనే, తర్వాత నెలల తరబడి మామూలు మేతే. కానీ హేచరీలో ఆ మేత కలిపే కుర్రాడికి గ్లౌజులు, మాస్కు ఇస్తున్నారా, ఆ ట్యాంకుల నీళ్ళు ఎక్కడికి వదులుతున్నారు, ఇవి అడగాల్సిన ప్రశ్నలు బాబాయ్, అడుగు. రంగుకీ దానికీ మాత్రం సంబంధం లేదు, హార్మోన్ పెట్టినా పెట్టకపోయినా ఎర్ర పిల్ల ఎర్రగానే ఉంటుంది, నల్ల పిల్ల నల్లగానే ఉంటుంది.