దగ్గరి కొలంబోకు దూరపు దారి

విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం నుంచి ఢిల్లీకి ఆకాశమార్గాన దాదాపు 1,390 కిలోమీటర్లు. కొలంబోకు 1,050 కిలోమీటర్ల లోపే. అంటే మన దేశ రాజధాని కన్నా శ్రీలంక ప్రధాన నగరమే మనకు మూడొందల కిలోమీటర్లకు పైగా దగ్గర. జెట్ విమానం నేరుగా ఎగిరితే గంటన్నర, మహా అయితే గంటా ముప్పావు. రెండు దేశాల్లోనూ సమయం ఒక్కటే.

ఇది పటం మీది లెక్క. కొలంబోకు నేరు విమానం లేని విజయవాడ, గుంటూరు ప్రయాణికుడి లెక్క వేరు. రైల్లో చెన్నైకి ఆరేడు గంటలు. సెంట్రల్‌లో దిగి, నగరం దాటి విమానాశ్రయం చేరాలి. విదేశీ ప్రయాణం కనుక మూడు గంటల ముందే అక్కడుండాలి. ఇంత చేశాక గాల్లో ఉండేది గంటా పావు! శంషాబాద్ మీదుగా వెళ్లాలంటే దక్షిణాదికి పోవాల్సినవారు ముందు పడమటి దారి పట్టాలి.

ఈ బంధం కొత్తది కాదు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి శాసనం సింహళ విహారాన్ని ప్రస్తావిస్తోంది. బోధిసిరి అనే ఉపాసిక తామ్రపర్ణి, అంటే నేటి శ్రీలంక, ఆచార్యుల కోసం అక్కడ చైత్యగృహం కట్టించింది. అదే శాసనంలో కంటకసేల పేరూ ఉంది. అది మన కృష్ణా జిల్లా ఘంటసాలే. పదిహేడు వందల ఏళ్ల క్రితం ఓడల మీద రాకపోకలు సాగిన దారిలో నేడు ఒక్క విమానం నడపలేకపోవడం మమ్మల్ని బాధిస్తోంది. అమరావతి స్తూపాన్ని, నాగార్జునకొండను చూడాలనుకునే సింహళ బౌద్ధులకూ, లంకకు సరుకు పంపే గుంటూరు మిర్చి వ్యాపారులకూ ఇదే తిప్పలు.

అడ్డంకి రన్‌వే కాదు. దాని పొడవు 3,360 మీటర్లు. గన్నవరానికి అంతర్జాతీయ హోదా 2017లోనే దక్కింది. శ్రీలంక కూడా ఉన్న దక్షిణాసియా కూటమి సార్క్ దేశాలతో పరస్పర ప్రాతిపదికన విమాన సర్వీసులపై పరిమితులు ఎత్తివేస్తామని 2016 జాతీయ విమానయాన విధానం చెప్పింది. అసలు భయం సీట్లు నిండవేమోనని. ఆ భయం నిరాధారమని మేము అనం. 2018 డిసెంబరులో ఖాళీ సీట్ల నష్టాన్ని రాష్ట్ర ప్రభుత్వం భరించేలా సింగపూర్ సర్వీసు మొదలైంది, మరుసటి ఏడాదే ఆగింది. మళ్లీ రావడానికి 2025 దాకా పట్టింది. ఒక మార్గం ఉందని జనానికి తెలిసి, ట్రావెల్ ఏజెంట్లు ప్యాకేజీలు కట్టి, వ్యాపారులు నమ్మకం పెంచుకునేసరికి ఏడాది గడుస్తుంది. అప్పటిదాకా ఓపిక పట్టకపోతే ఏ సర్వీసూ నిలవదు.

పెద్ద విమానమే కావాలని పట్టుబట్టనక్కర్లేదు. చెన్నై–జాఫ్నా సర్వీసు 2019లో ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానంతోనే మొదలైంది. అలాంటి విమానంలో గన్నవరం నుంచి కొలంబోకు రెండు గంటలు దాటినా రైలూ, నిరీక్షణా తప్పుతాయి. వారానికి రెండు సర్వీసులు, ఖాళీ సీట్ల నష్టానికి కనీసం రెండేళ్ల హామీ: ఈ ప్రతిపాదనతో రాష్ట్ర ప్రభుత్వం విమాన సంస్థలను పిలవాలి. అక్టోబరు చివర మొదలయ్యే శీతాకాల షెడ్యూలు ఖరారయ్యే లోపే ఆ చర్చలు ముగించాలి.